మస్కట్‌లో చెల్లని వేలిముద్ర

గల్ఫుకు పోయివచ్చినవాళ్లు సెంటు సీసాలు తెస్తారు, టేప్‌రికార్డర్లు తెస్తారు, ఇద్దరు పడితే గానీ లేవని రగ్గులు తెస్తారు. నేను వాటితోపాటు ఒళ్లు మండే కోపాన్ని కూడా తెచ్చుకున్నాను. బొంబాయి కస్టమ్స్‌వాళ్లు దానికి సుంకం అడగలేదు కాబట్టి ఒక్క పిసరు తగ్గకుండా ఇల్లు చేరింది. ఉదయగిరిలో బస్సు దిగింది మొదలు ‘ఆడ ఎట్టుంటాదబ్బా, చెప్పు’ అని అడగనివాడు లేడు. అడిగినవాడికల్లా చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. అందుకని రాస్తున్నాను. పోనివాళ్లు చదవండి. పోదామనుకుంటున్నవాళ్లు రెండుసార్లు చదవండి.

ఉదయగిరి

అది ఎనభై ఒకటి. మస్కట్‌లో వైర్‌లెస్ సెట్లు బాగుచేసేవాళ్లు కావాలని మద్రాసులో ఒక కంపెనీ పేపర్లో వేయించింది. ఎడారిలో తిరిగే లారీలకు పెట్టే సెట్లు అవి. కింద ఒక షరతు. డిగ్రీ గానీ డిప్లొమా గానీ ఉండాలి. లేదంటే పదేళ్లు పనిచేశాడని, పని ఇచ్చినవాడు రాసిచ్చిన కాగితం ఉండాలి. ఆ రెంటిలో ఒకటి ఉన్నవాడు టెక్నీషియన్. వాడికి సొంత గది ఇస్తారు, ఆరునెలలు గడిచాక భార్యను తీసుకుపోవచ్చు. ఏదీ లేనివాడు హెల్పర్. హెల్పర్ అంటే ఏమిటో అనుకునేరు, కూలీ. ఎనిమిదిమందికి ఒక గది. రెండేళ్లదాకా ఇంటి ముఖం చూసేది లేదు, భార్య మాట ఎత్తేదే లేదు.

నాకు డిగ్రీ లేదు. ఉదయగిరి మిషన్ బడిలో ఎనిమిదితో ఆపేసి, ఆత్మకూరులో మస్తాన్ భాయ్ దగ్గర రేడియో పనిలో చేరాను. ఆయన దగ్గరే పన్నెండేళ్లు. కాబట్టి నా సంగతి అంతా ఆ కాగితం మీదే ఉంది. నాకూ సుగుణకూ పెళ్లై అప్పటికి ఎనిమిది నెలలు. పేపరు చదివి వినిపిస్తే ఆమె ఒక్కటే మాట అంది.

“టెక్నీషియన్ అయితే పో. కూలీకైతే పోబాక. కూలి పని ఈడ లేదా ఏంది?”

పక్కింటి గౌస్ సాయిబు చెక్క గరిటెలు చేస్తాడు. మా ఊరి గరిటెల సంగతి మీకు తెలిసిందే, కొండ కొయ్యతో చేస్తారు, ఏళ్ల తరబడి చెక్కు చెదరవు. ఆ కొయ్య ముక్కతోనే ఆయన నాకు కొన్నేళ్లుగా వేరే వస్తువు ఒకటి చేసిపెడుతున్నాడు. పెన్సిలంత కర్ర, కొస స్క్రూడ్రైవర్ లాగా పలచగా చెక్కినది. ఎందుకంటే, రేడియోలో కాయిల్ నడుమ ఒక మర ఉంటుంది. దాన్ని తిప్పితే స్టేషను స్పష్టంగా పలుకుతుంది. ఇనుప స్క్రూడ్రైవర్‌తో తిప్పితే, ఇనుము లోపల ఉన్నంతసేపు ఒక తీరు, బయటికి తీయగానే ఇంకో తీరు. కొయ్యకు ఆ జబ్బు లేదు. ఇది పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు, మస్తాన్ భాయ్ కనిపెట్టి చెప్పింది. ప్రయాణమని తెలిసి గౌస్ సాయిబు కొత్త కర్ర ఒకటి చెక్కి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు.

ఆత్మకూరు

బస్సు పైన మేకలు, లోపల మేము. దిగేసరికి నా భుజం మీద పైనుంచి కారిన తడి. మంచి శకునమేనని పక్కనున్న పెద్దాయన నవ్వాడు. అదేమి శకునమో తర్వాత తెలిసింది.

ఆత్మకూరు బస్టాండు పక్క సందులో మస్తాన్ భాయ్ కొట్టు. దానికి బోర్డు లేదు. బోర్డు రాయిస్తే ముందు తనకే చదవడం రాదు, మరెందుకని ఆయన వాదన. చిన్నతనంలో టూరింగ్ టాకీసులో చేరి, డేరా వెంట ఊరూరా తిరిగి, ఆంప్లిఫయర్ పొగలు కక్కినప్పుడల్లా విప్పి, చూసి, కట్టి పని నేర్చినవాడు. ఒక్క అక్షరం రాదు. రెసిస్టర్ మీద రంగు పట్టీలు చూసి దాని విలువ చెప్పడంలో మాత్రం ఆయన తర్వాతే ఎవరైనా. రంగులు చదవడానికి బడికి పోనక్కర్లేదు గదా. కాలిన సెట్టు తెచ్చి బల్ల మీద పెడితే మూత తీయకముందే ముక్కు దగ్గర పెట్టి, “రెక్టిఫయర్ పోయిందిరా. కుళ్లిన గుడ్డు కంపు కొడతా ఉండాది చూడు” అనేవాడు. పన్నెండేళ్లలో ఆ ముక్కు తప్పు చెప్పడం నేను రెండుసార్లు చూశాను. రెండుసార్లూ ఆయనకు జలుబు.

నేను సంగతి చెప్పగానే భాయ్ సోల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టాడు.

“నా కాగితమా? నా కాగితం ఎవురికి కావాల్రా దానం?”

నా పేరు దేవదానం. ఆయన సగమే పిలుస్తాడు.

“మస్కట్‌వోళ్లకు భాయ్. నీ కాడ పన్నెండేండ్లు చేసినానని నువ్వు రాసియ్యాల.”

“నేను రాసేదేంది? నాకు యాడొచ్చు?”

“ఇంగ్లీషులో టైపు కొట్టిస్తా. నువ్వు నిశానీ ఎయ్యి, చాలు.”

టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నాలుగు వాక్యాలు కొట్టించుకొని వచ్చి తెలుగులో చదివి వినిపించాను. భాయ్ తల ఊపుతూ విని, ఒకచోట ఆపాడు.

“మంచి పనోడు అని ఎందుకురా? పనోడు అను, సాలు. మంచోడో కాదో వాళ్లు చూసుకోరా?”

ఆ మాట కొట్టేయించి మళ్లీ టైపు చేయించాను. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజులు రాసే ఆయన దగ్గర ఇంకు ప్యాడు. పావలా తీసుకొని ప్యాడు తెరిచాడు. భాయ్ బొటనవేలు ఎన్ని వేలసార్లు కాలిందో, చర్మం దళసరిగా, నున్నగా ఉంటుంది. మొదటిసారి నల్లటి మచ్చ పడిందే గానీ గీతలు పడలేదు. రెండోసారి వేలు కడిగి, తుడిచి, నెమ్మదిగా దొర్లించి వేయించాడు. పక్కనే ‘మస్తాన్ బొటనవేలి నిశానీ’ అని తన చేత్తో రాశాడు. ఆ హడావుడిలో ప్యాడు నా చొక్కాకు తగిలింది. ఉన్న ఒక్క తెల్లచొక్కా అది. కొత్తది కుట్టించుకుందామంటే మద్రాసు పరీక్ష ఎల్లుండే.

మేము అక్కడ నిలబడ్డంతసేపూ ఆ బల్ల మీద ఎకరాలు చేతులు మారుతూనే ఉన్నాయి. అమ్మేవాళ్లలో సగంమంది వేలిముద్రలే. మాగాణికి, మెట్టకు, ఇంటికి, బావికి అన్నిటికీ చెల్లిన ముద్ర నా నాలుగు వాక్యాలకు చెల్లదని నాకు కలలో కూడా తోచలేదు.

అనుమసముద్రంపేట

దర్గాకు పోకుండా దూరప్రయాణమేమిటని భాయ్ కొట్టు మూసి నన్ను అనుమసముద్రంపేట తీసుకుపోయాడు. మాది బాప్టిస్టు కుటుంబం. అయినా మా అవ్వ జ్వరమొస్తే ప్రార్థన చేయించేది, తగ్గకపోతే దర్గాకు పంపేది. ఇటువైపు చాలా ఇళ్లలో ఇదే వరస, పాస్టరుగారికి తెలిసినా ఏమీ అనరు.

దర్గాలో చక్కెర మీద ప్రార్థన చదివించుకొని బయటికి వచ్చి ఒక అంగడి ముందు టీ తాగుతుంటే గాజులమ్మే ఆమె నా కొత్త రేకుపెట్టె చూసింది.

“యాడికి నాయనా?”

“మస్కట్‌కమ్మా. వైర్‌లెస్ సెట్ల మెకానిక్‌గా.”

“మా ఆయన గూడా మెకానిక్కనే పోయినాడు, కువైట్‌కు. కారు పక్కన నిలబడి ఫోటో పంపించినాడు. ఇప్పుడు చూస్తే గొర్రెలు కాస్తుండాడంట.” గాజులు సర్దుకుంటూ మామూలుగా చెప్పింది. “ఆ కాగితంలో ఏం రాసుండారో అప్పుడు చూసుకోలా. నువ్వు బాగా చూసుకో.”

నేను జేబు తడుముకున్నాను. కాగితం ఉంది. భాయ్ గర్వంగా, “ఈడికా బయం లేదమ్మా, నేను నిశానీ ఏసినా” అన్నాడు. టీకి నన్ను డబ్బులు ఇవ్వనివ్వలేదు.

మద్రాసు

మద్రాసులో నేను చూసినవి రెండే. ఇడ్లీ మీద కుండపోతగా సాంబారు పోయడం, ఆ కంపెనీ ఆఫీసు. మొదటిది బాగుంది.

హాల్లో నాలుగు బల్లలు, బల్లకొక సెట్టు, దాంట్లో వాళ్లే పెట్టిన లోపం. వచ్చినవాళ్లందరి చేతుల్లో ఫైళ్లు. నా చేతిలో మడత పెట్టిన కాగితం, చొక్కా మీద ఇంకు మరక. పరీక్ష పెట్టేది ఒక తెల్లాయన, మస్కట్‌లో వర్క్‌షాపు మేనేజరు. నా వంతు వచ్చింది. సెట్టు పలుకుతోంది గానీ నీరసంగా, బావిలోనుంచి వచ్చినట్టు. కాయిల్ సర్దాలని తెలిసిపోయింది. పళ్లెంలో చూస్తే అన్నీ ఇనుప స్క్రూడ్రైవర్లే. నా ముందు ముగ్గురు వాటితోనే తిప్పి తిప్పి చెమటలు పట్టి పోయారు. నేను జేబులోనుంచి గౌస్ సాయిబు కర్ర తీశాను.

వెనుకనున్నవాళ్లు నవ్వారు. తెల్లాయన నవ్వలేదు. దగ్గరికి వచ్చి వంగి చూస్తూ నిలబడ్డాడు. అర నిమిషంలో సెట్టు గొంతు విప్పింది. ఆయన కర్ర తీసుకొని, వేళ్ల మధ్య దొర్లించి, ఎక్కడ కొన్నావన్నాడు. ఉదయగిరి అన్నాను. ఎవరు నేర్పారన్నాడు. మస్తాన్ అన్నాను. పళ్లెంలో సరైన పనిముట్టు కావాలనే పెట్టలేదట, దాన్ని అడిగే మనిషి ఎవడో చూద్దామని. అడగకుండా సొంతది తెచ్చుకున్నవాడు తగలడం ఆయనకు అదే మొదలట. పేర్ల పట్టీలో నా పేరు ముందు ఆయన చేత్తో ఒకటి అంకె వేశాడు. ఇది నేను నా కళ్లతో చూశాను.

తర్వాత పక్క గది. అక్కడ టై కట్టుకున్న ఆఫీసరు, బొంబాయి మనిషి. పక్కన తెలుగు తెలిసిన గుమాస్తా. ఆఫీసరు నా కాగితం విప్పి, ముద్ర దగ్గర ఆగి, ఏదో అన్నాడు. గుమాస్తా నవ్వు ఆపుకుంటూ తెలుగులో చెప్పాడు.

“బ్రెడ్డు జామ్ తిన్న చేత్తో పట్టుకున్నారా అని అడుగుతున్నారు.”

“అది మా మేస్త్రీ నిశానీ సార్.”

“సంతకం చేయడం రాదా ఆయనకు?”

“రాదు సార్.”

“సంతకమే రానివాడు నీకు టెక్నాలజీ వచ్చని ఎలా చెప్తాడు?”

నాకు నెత్తురు నెత్తికెక్కింది. మా ఊళ్లో ఇదే ముద్రతో భూములు అమ్ముకుంటున్నారు, సర్కారు ఒప్పుకుంటోంది, మీరెవరు ఒప్పుకోకపోవడానికి అన్నాను. అవతలి గదిలో మీ దొరే నాకు ఒకటో నంబరు వేశాడు, పోయి అడగండి అన్నాను. గుమాస్తా అందులో ఎంత చెప్పాడో, ఎంత మింగాడో. ఆఫీసరు చేయి ఊపాడు. పని బాగా చేస్తాడు, సరే. కాగితం చెల్లదు. హెల్పర్‌గా రాసుకో.

బయటికి వచ్చాక గుమాస్తా నా వెంట వచ్చి గొంతు తగ్గించాడు. “బ్రాడ్‌వేలో ఒక ఆఫీసుంది. మంచి లెటర్‌హెడ్ మీద, మీరు వాళ్ల దగ్గరే పదేళ్లు చేసినట్టు రాసి సంతకం పెట్టిస్తారు. సాయంత్రంలోగా తెస్తే ఈయన కళ్లు మూసుకొని తీసుకుంటాడు. అందరూ చేసేదే.”

చూశారా సంగతి? నిజం రాసిన కాగితం చెల్లదు, అబద్ధం రాసిందైతే చెల్లుతుంది. పన్నెండేళ్లు ఒకాయన పక్కన కూర్చొని నేర్చుకొని, మొహం కూడా చూడని వాడెవడినో నా గురువని రాసుకోవాలట. థూ అనుకున్నాను. అనుకోవడమే కాదు, మెట్ల మీద నిజంగానే ఉమ్మాను. పైకి పోయి హెల్పర్ కాగితం మీద సంతకం పెట్టాను. మొండితనమో, మళ్లీ ఊరికి ఏ ముఖంతో పోవాలనో, రెండూనో. సుగుణను ఒక్క మాట అడగలేదు. ఆమె చెప్పిన మాట గుర్తుండే పెట్టాను. ఆ తప్పు మాత్రం నాదే.

మస్కట్

విమానంలో నా చింతకాయ తొక్కు జాడీ పగిలింది. సుగుణ గుడ్డలు చుట్టి పంపిన జాడీ. మస్కట్ కస్టమ్స్‌లో పెట్టె తెరిస్తే పోలీసు ముఖం పక్కకు తిప్పుకొని వెంటనే పొమ్మన్నాడు. చుట్టూ కొండలున్న ఊరు అది, మన ఉదయగిరి కొండలాగే, కాకపోతే గడ్డిపోచ ఉండదు. కారు మురికిగా ఉంటే పోలీసు ఆపి చీవాట్లు పెడతాడు. నాలుగు చినుకులు పడితే జనం పని మానేసి బయటికి వచ్చి తడుస్తారు. టీ యాభై బైసాలు, మన లెక్కలో రూపాయి పైమాటే. ఆత్మకూరులో ఆ డబ్బుతో నలుగురం తాగేవాళ్లం. కూరలో ఎండబెట్టిన నిమ్మకాయ వేస్తారు, నల్లగా బొగ్గులా ఉంటుంది, పులుపు బాగుంటుంది.

మా వర్క్‌షాపు వ్యాను డ్రైవరు సాలెం అక్కడివాడే. ఒకసారి వాళ్ల ఇంటికి పిలిచాడు. ఖర్జూరాలు పెట్టి, చిట్టి గిన్నెలో కాఫీ పోశారు. చక్కెర లేదు, యాలకుల వాసన. తాగి గిన్నె కింద పెట్టాను, మళ్లీ పోశారు. చాలన్నాను, పోశారు. మన దగ్గరా చాలంటే ఇంకాస్త వడ్డిస్తారు గదా, మర్యాద అనుకొని తాగాను. తొమ్మిదో గిన్నెకు సాలెం పొట్ట పట్టుకొని నవ్వి, గిన్నెను ఇటూ అటూ ఊపి చూపించాడు. ఊపితేనే చాలని అర్థమట. అక్కడి మనుషులు మంచివాళ్లు, నా తగాదా వాళ్లతో కాదు.

నా తగాదా కాగితంతో. వర్క్‌షాపులో నేను సంచి మోసే మనిషిని. మా ఇంజనీరు పూణే కుర్రవాడు, కొత్తగా డిగ్రీ పుచ్చుకొని వచ్చాడు. సెట్టు విప్పేది అతను, లోపం చూపించేది నేను, సోల్డరింగ్ పెట్టేది నేను, రిజిస్టర్‌లో బాగుచేసినవారి పేరు రాసేచోట సంతకం అతనిది. హెల్పర్ సంతకం అందులో ఉండకూడదు. ఆ అబ్బాయిని అనడానికి లేదు. సంతకం పెట్టేటప్పుడల్లా తల వంచుకొని, “భయ్యా, సిగ్గుగా ఉంది” అనేవాడు. నాకు జీతం సగం, వాడికి సిగ్గు పూర్తిగా.

ఆరో నెలలో లేబర్ ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చారు. నేను బల్ల దగ్గర కూర్చొని ఒక సెట్టు లోపల తల దూర్చి ఉన్నాను. ఫోర్‌మన్ పరుగెత్తుకుంటూ వచ్చి నా చేతిలో కడ్డీ లాక్కొని, చీపురు పెట్టాడు. హెల్పర్‌తో టెక్నీషియన్ పని చేయిస్తున్నారని తెలిస్తే కంపెనీకి జరిమానా. ఊడవమన్నాడు. ఊడ్చాను. తనిఖీవాళ్లు పోయేదాకా, ఊడ్చిన చోటే ఊడుస్తూ. వాళ్లలో ఒకాయన నా వైపు చూసి బాగా ఊడుస్తున్నావన్నట్టు తల కూడా ఊపాడు.

ఆ సాయంత్రం ఎనిమిదిమంది గదిలో మంచం మీద కూర్చొని మస్తాన్ భాయ్‌కు ఉత్తరం రాశాను. ‘భాయ్, మద్రాసులో నీ నిశానీ చూసి నవ్వినారు. అది సంతకం అయ్యుంటే ఈరోజు నేను టెక్నీషియన్. నీ ముద్ర పుణ్యమా అని చీపురు పట్టినాను’ అని మొదలుపెట్టాను. కింద రెండు పేజీలు ఆ ఆఫీసరును తిట్టాను. మా భాయ్ విని వాడిని నాలుగు తిడితే నా మనసు చల్లబడుతుందని నా ఆశ. దానికి జవాబు రాలేదు. ఆయనకు రాయడం రాదు గదా, ఎవరిచేతైనా ఎప్పుడో రాయిస్తాడులే అనుకున్నాను. ఏడాదిన్నర అట్లాగే అనుకున్నాను.

రెండేళ్లు నిండాక తెల్లాయన నన్ను పిలిచాడు. మళ్లీ రావాలి, ఈసారి టెక్నీషియన్‌గా, భార్యను తెచ్చుకో అన్నాడు. ఎగిరి గంతేద్దామనుకున్నాను. ఆయనే మళ్లీ, మస్తాన్ ఇచ్చిన పాత కాగితం ఉంది చూడు, దాన్ని సంతకంతో తెచ్చి మద్రాసు ఆఫీసులో స్టాంపు వేయించుకో, రూలు నా చేతిలో లేదన్నాడు. అంటే కథ మళ్లీ ఆ వేలి దగ్గరికే వచ్చింది.

తిరిగి ఉదయగిరి, ఆత్మకూరు

సుగుణ రగ్గు విప్పి చూడలేదు. సెంటు సీసా మూత తీయలేదు.

“ఆ బ్రాడ్‌వే కాగితమేదో తెచ్చుకోనుంటే ఈ రెండేండ్లు నేనూ నీ కాడ ఉండేదాన్ని గదా. నీ పౌరుషానికి నన్ను ఈడ ఒంటిగా కూర్చోబెట్టినావు” అంది.

ఆమె కోపం తీరడానికి నాలుగు రోజులు పట్టింది. ఐదోనాడు భాయ్ కోసం తెచ్చిన కొత్త సోల్డరింగ్ కడ్డీ తీసుకొని ఆత్మకూరు పోయాను. కొట్టు మూసి ఉంది. పక్కనే మందుల షాపు. ఆ షాపాయన భాయ్‌కు వచ్చే ఉత్తరాలు చదివి పెడతాడు. నన్ను చూసి పలకరింపుగా నవ్వలేదు.

“ఆ ఉత్తరం అట్టా రాయచ్చా దానం?” అన్నాడు.

ఏ ఉత్తరమో నాకు వెంటనే తట్టలేదు.

మన దగ్గర చదువురాని మనిషికి ఉత్తరం వస్తే ఎట్లా చదువుతారో మీకు తెలుసు. అంగడి ముందు బల్ల మీద కూర్చోబెట్టి, గట్టిగా, అందరూ వినేట్టు. గల్ఫు ఉత్తరమంటే మరీ. ఆరోజు బల్ల మీద ఐదారుగురు ఉన్నారట. భాయే పిలిచి కూర్చోబెట్టాడట, మావాడి ఉత్తరం వచ్చింది, వినండని. షాపాయన మొదలుపెట్టాడు. నీ నిశానీ చూసి నవ్వినారు. నీ ముద్ర పుణ్యమా అని చీపురు పట్టినాను. అక్కడికి భాయ్, “సాలు, ఆపు” అన్నాడట. ఆ కింద రెండు పేజీలు, నా కోపమంతా పోసి రాసిన రెండు పేజీలు, ఎవరూ చదవనే లేదు. ఆయనకు వచ్చే ఉత్తరాలు ఎట్లా చదువుతారో పన్నెండేళ్లు అదే బల్ల మీద కూర్చొని చూసినవాడిని, నాకు ఆ మాత్రం బుద్ధి లేకపోయింది.

“మరి భాయ్ యాడ?” అన్నాను.

“బళ్లో ఉండాడు.”

పొద్దుగూకే వేళ సర్కారు బడిలో పెద్దవాళ్లకు చదువు చెబుతున్నారు. పోయి చూశాను. పిల్లల బెంచీల మీద మోకాళ్లు పట్టక అడ్డంగా కూర్చున్న పది పన్నెండుమంది, కూలీలు, గొర్రెలవాళ్లు, మూడోవరసలో మస్తాన్ భాయ్. ఉత్తరం వచ్చిన మరుసటి వారం నుంచి పోతున్నాడట. నన్ను చూసి బయటికి వచ్చాడు. కోప్పడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

“వచ్చినావా. చిక్కిపోయినావేందిరా. కాగితం తెచ్చినావా?” అన్నాడు.

కాగితం సంగతి సుగుణ ముందే కబురు పంపి ఉండాలి. అవే నాలుగు వాక్యాలు మళ్లీ టైపు చేయించి తెచ్చానని చెప్పాను. కొట్టు తెరిచి, బల్ల తుడిచి, కాగితం పరిచి పెన్ను అడిగాడు. ఆ చేయి సన్నటి తీగను రెప్పపాటులో అతికించడం పన్నెండేళ్లు చూశాను నేను. ఒక్కసారైనా వణకలేదు. ఆరోజు పెన్ను పట్టుకొని, నాలుక కొస పళ్ల మధ్య బిగించి, ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగి, ఊపిరి తీసుకొని, చెమటలు కక్కుతూ రాశాడు. మ. దానికో నిమిషం. స్తా. ఆ కింది ఒత్తు దగ్గర పెన్ను ఆగిపోయింది, నేను సాయం పట్టబోతే మోచేత్తో తోసేశాడు. న్.

నాకు ఏడుపు వచ్చింది. సిగ్గుపడకుండా చెబుతున్నాను, ఏడ్చాను.

“ఎందుకు భాయ్ ఈ వయసులో నీకీ తిప్పలు? నేను కోపంలో రాసినా. నిన్ను అనలా, వాణ్ణి అన్నా.”

“తెలుసులేరా.” కాగితం మీద ఊదుతూ అన్నాడు. “నా ఏలు పనికిరాదన్నారంట గదా. ఏలు మార్చుకోలేను గదరా. అందుకని ఇది నేర్చుకున్నా. ఆ పిల్ల నీ కాడ ఉండొద్దా?”

తిరిగి మద్రాసు

అదే ఆఫీసు, అదే గది, అదే టై అనుకుంటాను. గుమాస్తా మారాడు. ఇప్పుడు నాకు గుమాస్తాతో పనిలేదు, రెండేళ్లలో హిందీ వచ్చింది, తిట్టడానికి సరిపడా ఇంగ్లీషు కూడా వచ్చింది. దారి పొడుగునా ఏం తిట్టాలో వరసగా పేర్చుకుంటూ పోయాను. సుగుణ నా మనసు కనిపెట్టి బస్సెక్కేముందే చెప్పింది, “ఆడ నోరు తెరవబాక. స్టాంపు పడినాక ఏమన్నా అనుకో.”

ఆఫీసరు నన్ను గుర్తుపట్టలేదు. కాగితం విప్పి, కిందికి చూసి, సంతకం మీద వేలు పెట్టాడు.

“ఇది ఎవరిది?”

“మా మేస్త్రీది సార్.”

“ఏం చదువుకున్నాడు?”

“తన పేరు చదువుకున్నాడు సార్. మీ కోసం.”

ఆయన వినలేదు. అప్పటికే స్టాంపు కోసం సొరుగు లాగుతున్నాడు. సంతకం తెలుగులో ఉంది. ఆయనకు తెలుగు రాదు. అక్కడ మస్తాన్ అని ఉందో, వంకాయ అని ఉందో ఆయనకు తెలియదు, అడగనూ లేదు. టపీమని కొట్టి, టెక్నీషియన్ అని రాసి, నా వైపు తోసి తర్వాతివాణ్ణి పిలిచాడు.

మెట్లు దిగుతూ ఆ కాగితం మళ్లీ చూసుకున్నాను. రెండేళ్ల కిందట మస్తాన్ భాయ్‌కు ఎంత పని తెలుసో ఇవాళా అంతే తెలుసు. నా సంగతీ అంతే. ఈ రెండేళ్లలో ఆయన మూడక్షరాలు నేర్చుకున్నాడు, నేను టెక్నీషియన్‌ను అయిపోయాను.